నవ్వించెదమని పిలిచినవారు



క్రిందటి నెలలో ఆవకాయను గూర్చి వ్రాసెదమని మాట యిచ్చియుంటిమి. ఆ మాటను ఈ నెల చెల్లింపలేకున్నందుకు క్షమింపుడు. జాడీలోని యావకాయ యెక్కడికిని పోదు. ఇంకను ఊరుచునే యుండును. మా మనస్సులో ఊరుచున్న సంగతి వేరొకటి కలదు. దానిని ముందుగా బయట పెట్టనిదే మా కలము కదలనన్నది.

సంగతి యేమనగా, వేసవి సెలవులలో మేము ఇంటిల్లిపాదిమి కలిసి యొక హాస్యచిత్రమును చూడబోతిమి. నవ్వు రాలేదు. నిజము చెప్పవలెనన్న ఒక్కసారి వచ్చినది. రాకపోయిన నవ్వులకంటె వచ్చిన ఆ యొక్క నవ్వే మాకు బరువైనది. దాని మాట తరువాత చెప్పెదము.

గంగజాతర చూచుటకై మావారి యక్కగారు, అనగా మా వదినెగారు, మదనపల్లె నుండి తిరుపతికి వచ్చియుండిరి. వెంట వారి కూతురు, పదునైదేండ్ల పిల్ల. జాతరకు ఇంకను రెండు దినములు గడువుండెను. ఎండలా, మా యూరి యెండలు మీకు తెలియనివి కావు. కొండరాళ్ళు పగలంతయు కాగి రాత్రియంతయు సెగ గ్రక్కుచుండును. చల్లని గదిలో మూడు గంటలు కూర్చుండవచ్చునను ఆశతోనే అందరము సినిమాకు సిద్ధపడితిమి. మా అత్తగారు, వదినెగారు, పిల్ల, మా కుమారు లిద్దరు, మావారు, మేము, వెరసి ఏడుగురము. టిక్కెట్లకైన ఖర్చుతో బియ్యపు బస్తా రాకపోయినను, ఆ పిదప కొన్న మొక్కజొన్న పేలాల ఖర్చు కూడ కలిపినచో వచ్చియుండెడిది. చిత్రము పేరు చెప్పము. చెప్పినచో అదియు నొక ప్రకటనయే యగును. ‘ఎంత చెడ్డదో చూతము’ అని కొందరు పోవుదురు. మేము పోయినదియు నట్లే.

కథ చెప్పుమందురా? కథానాయకునకు నలుగురు మిత్రులు. నలుగురును ఏకకాలమున మాటలాడుదురు. మాటలాడుట యనగా అరచుట. అరచినవానిని పక్కవాడు చెంపపై కొట్టును. కొట్టబడినవాడు మరియొకని కొట్టును. మావారు లెక్కల మాస్టారు గదా, ఊరక యుండలేక టిక్కెట్టు వెనుక గీతలు గీచి లెక్కించిరి. విశ్రాంతి సమయమునకు 41 చెంపదెబ్బలు. ‘2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము వచ్చిన పిమ్మట బడిలో పిల్లవానిపై చేయి యెత్తుటకు వీలులేదు. ఇచ్చట ఒక్క పూటలో నలుబదియొకటి! దీనికి సంజాయిషీ యెవరు వ్రాయవలెను?’ అని వారి ప్రశ్న. ఆ దినమున మేము విన్న హాస్యము అదియొక్కటే. అదియు తెరమీదిది కాదు.

మా అత్తగారు కొంతసేపు కండ్లు చికిలించి చూచిరి. తరువాత మా చెవి దగ్గరకు వంగి, ‘ఏమ్మే, ఎప్పుడు నవ్వల్ల? ఆ టయానికి నన్ను లేపు’ అని చెప్పి తల వెనుకకు వాల్చిరి. లేపవలసిన యవసరము రాలేదు.

మా నాయనగారు చిన్ననాట మాకు పంచకావ్యములతో బాటు అలంకారశాస్త్రమును కొంత చెప్పియుండిరి. భరతముని నాట్యశాస్త్రమున హాస్యమును రెండు విధములుగా విభజించెను. తాను నవ్వినచో ఆత్మస్థము, ఇతరులను నవ్వించినచో పరస్థము. నేటి చిత్రములలో పలుచోట్ల ఆత్మస్థము పుష్కలముగా నున్నది. తెరమీదివారు ఒకరి భుజముపై నొకరు పడి నవ్వుకొందురు. వెనుక వాద్యములు కూడ నవ్వును. పరస్థము మాత్రము మృగ్యము. నవ్వునకు ఆరు భేదములు గూడ చెప్పబడినవి: స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము. మొదటి రెండును ఉత్తములవి, నడిమి రెండును మధ్యములవి, చివరివి అధములవి. ఆ సాయంకాలము మా వరుసలో ఏడవ భేద మొకటి కనబడెను: ఆవులింత.

హాస్యచిత్రము నవ్వింపకపోవుట నేడు పుట్టిన రోగము కాదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశము’ను చదువని యిల్లు లేదందురు. ఆ నవలను 1940లో చిత్రముగా తీసిరి. లంక సత్యముగారు పార్వతీశముగా నటించిరి; జి. వరలక్ష్మిగారు తెరకు తొలిసారి వచ్చినది అందులోనే. నవల నేటికిని అచ్చగుచునే యున్నది. చిత్రము పేరు చెప్పిన ‘అట్టిది యొకటి కలదా?’ అని యడుగువారే యెక్కువ. కారణ మేమైయుండునని మేము చాల ఆలోచించితిమి. మాకు తోచిన దిది. పార్వతీశము ఆడువారి టోపీ కొని నెత్తిన పెట్టుకొనుట గొప్ప హాస్యము కాదు. అది తనకెంతో శోభనిచ్చునని నమ్మి, ఏ మాత్రము నవ్వక, తన కథను తానే మనకు చెప్పుట హాస్యము. పుస్తకమున మనము అతని తలలోపల కూర్చుండి చూతుము. తెరమీద ఎదుట నిలుచుండి చూతుము. లోపలినుండి చూచినవాడు మన పిల్లవాడు. బయటినుండి చూచినవాడు వట్టి వెఱ్ఱివాడు.

ఇక బాగున్నవాని మాట. ‘మిస్సమ్మ’ (1955)ను మా యింట ఎన్నిమార్లు చూచితిమో లెక్కల మాస్టారు సైతము చెప్పలేరు. ఆ కథకు మూలము బడిపంతులు ఉద్యోగమని మీరు గమనించితిరా? భార్యాభర్త లిద్దరును ఉపాధ్యాయులై యుండవలెనని ప్రకటన. పెండ్లి కాని యిద్దరు, కూటికై, అప్పు తీర్చుటకై, దంపతులమని బొంకి చేరుదురు. ఆకలియు అప్పును అడుగున నుండుటచేతనే పైని నవ్వు నిలిచినది. రామారావుగారును సావిత్రిగారును చీటికిమాటికి కలహించుచుండ, మనకు నవ్వు వచ్చుచునే యుండును. ‘ఈ బొంకు బయటపడిన వీరి గతి యేమి’ అను దిగులును ఉండును. మునిమాణిక్యము నరసింహారావుగారి కాంతము గూడ పంతులుగారి భార్యయే గదా. జీతము చాలని యిండ్లలోనే హాస్యము చక్కగా పండునేమో! ఈ వాక్యమును చదివి మావారు దగ్గిరి.

‘యమలీల’ (1994)యు నట్టిదే. యమధర్మరాజు పుస్తకము భూమిమీద పడుట, దానికై ఆయన చిత్రగుప్తునితో గూడ దిగివచ్చి పడరాని పాట్లు పడుట అంతయు వినోదమే. కాని ఆ పుస్తకమున కుఱ్ఱవాడు చదువునది తన తల్లి మరణమును గూర్చి. అందుచేత మనము నవ్వుచునే కొంగు కంటి కద్దుకొందుము. ఇరువది యేండ్ల పిమ్మట, 2014లో, ‘యమలీల 2’ వచ్చినది. వచ్చినది, పోయినది.

‘జంబలకిడిపంబ’ సంగతి మనకు మరింత దగ్గరిది. 1990ల తొలినాళ్ళలో ఇ.వి.వి. సత్యనారాయణగారు తీసినది. ఊరిలోని స్త్రీలు పురుషుల నడవడియు, పురుషులు స్త్రీల నడవడియు పొందుదురు. పురుషులు వంటయింట కన్నీరు తుడుచుకొనుట చూచి జనులు విరుగబడి నవ్విరి. మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చి అంట్లు ముందు వేసికొని కూర్చున్న తరువాత ఒక యనుమానము కలిగెను: మేము ప్రతిదినము చేయు పనిని ఒక మగవాడు చేసిన మాత్రమున అది హాస్య మెట్లాయెను? ఈ యనుమానము పుట్టించినందుకే ఆ చిత్రమునకు మేము కొంత ఋణపడియున్నాము. అదే పేరుతో 2018లో వచ్చిన చిత్రమున విడిపోదలచిన దంపతుల ప్రాణములు ఒకరి దేహమున నొకరివి ప్రవేశించును. పరకాయప్రవేశము మన కథలకు క్రొత్తది కాదు. అయినను ఒక్క యనుమానమును పుట్టలేదు, నవ్వును అంతంత మాత్రమే.

మా సీమ మాటను గూర్చియు ఒక మాట. 2022లో తిరుపతి వేరు జిల్లా యైనను మా నాలుక యింకను చిత్తూరిదే. తెరమీద రాయలసీమ అనగానే బాంబులు, సుమోలు. అందుచేత 2018లో ‘కృష్ణార్జున యుద్ధము’న నానిగారు చిత్తూరి పల్లె కుఱ్ఱవాడుగా మా యాసలో మాటలాడినపుడు మా పిల్లలు కుర్చీలలో ఎగిరిరి. మొదటి సగము మా వీథియే నడచి తెరమీదికి వచ్చినట్లుండెను. రెండవ సగమున ఆడుపిల్లల నపహరించు ముఠా వెంటబడి ఆ మాటయు పోయెను, ఆ నవ్వును పోయెను. విందునకు పిలిచి, విస్తరి వేసి, పప్పు వడ్డించిన పిమ్మట ఇంట దొంగలు పడిరని కేక పెట్టినట్లాయెను. పాపము, ఆ మొదటి సగమునకై మేము నేటికిని ఆ చిత్రమును తిట్టలేకున్నాము.

మరల మేము చూచిన చిత్రమునకు వత్తము. విశ్రాంతి తరువాత మిత్రులలో ఇద్దరు చీరలు కట్టి వచ్చిరి. చీర కట్టిన మగవాడు కనబడగానే నవ్వవలెనని ఎవరు శాసించిరో తెలియదు. చిత్రములు చాలక, 2013 మొదలు టెలివిజనులోను వారము వారము ఇదే తంతు. స్థానం నరసింహారావుగారు రంగస్థలమున సత్యభామగా నిలిచినపుడు, ఆ నడకను, ఆ చీరకట్టును చూచి స్త్రీలే విస్తుపోయిరని మా అమ్మమ్మ చెప్పెడిది. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చినది. చీర అదియే, లోపలి బుద్ధి వేరు.

అంతదూర మేల? మా తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడుడు. వారము దినములు ఊరంతయు వేషములే. బైరాగి వేషము, తోటి వేషము, దొర వేషము, మాతంగి వేషము, ఇంకను ఎన్నో. బలిసిన మీసములవారు పట్టుచీర కట్టి, జడ కుచ్చులు పెట్టి, చేతులనిండ గాజులతో వీథులలో నడుతురు. ఆడుబిడ్డలను చెఱచుచుండిన పాళెగానిని వెదకి చంపుటకై అమ్మ వేషములు మార్చుకొనెనట. చంపిన పిదప మాతంగి వేషమున పోయి వాని భార్యను ఓదార్చెనట. ఎంత కథ! పగవాని యాలికి ఓదార్పు చెప్పిన దేవత మా యూరిది. కొన్ని వేషములలో బూతులు తిట్టుటయు ఆచారమే. తిట్టించుకొన్నవారు పుణ్యమని పొంగుదురు. 2024లో ‘పుష్ప’ రెండవ భాగమున కథానాయకుడు గంగమ్మ వేషము ధరించి కనబడినపుడు ఎవరును నవ్వలేదు సరికదా, కొందరికి పూనకము వచ్చినంత పనియైనది.

ఇప్పుడు ఆ నవ్వు సంగతి. ఇక దాటవేయుటకు వీలులేదు.

చిత్రమున ఒక స్థూలకాయురాలగు నటి కలదు. ఆమెకు పేరున్నట్లు మాకు జ్ఞాపకము లేదు. ఆమె వచ్చినపుడెల్ల భూమి కంపించినట్లు చప్పుడు వేయుదురు. మిత్రులు ఒకరి తరువాత నొకరు ఆమెను వర్ణింతురు. బస్తా యని, రోలని, ఇంకను వ్రాయదగనివి. ఆమె సిగ్గుపడుచు కుర్చీలో కూర్చుండును. కుర్చీ ఫెళ్ళున విరుగును. హాలంతయు గొల్లుమనెను. రెండు గంటలనుండి బిగిసియున్న మా నోరును తెరచుకొనెను. గట్టిగానే నవ్వితిమి.

నవ్వుచు ప్రక్కకు తిరిగితిమి. మా మేనకోడలు తెరను చూచుట లేదు. మమ్ము చూచుచున్నది.

ఆ పిల్ల దేహము కొంచెము పుష్టియైనది. చిన్నప్పటినుండియు అంతే, వారి తాతగారి పోలిక. చదువులో చురుకు, మాటలో నేర్పు. మావారు నల్లబల్ల దగ్గర నిలుచు తీరును అనుకరించి చూపినచో మా అత్తగారు పొట్ట పట్టుకొందురు. ఆ రాత్రి భోజనమున రెండవమారు అన్నము వద్దన్నది. పెరుగన్నము వద్దన్నది. ‘కడుపు నిండిపాయ’ అన్నది. వదినెగారు పేలాల ఫలమని సరిపెట్టుకొనిరి. మేము సరిపెట్టుకొనలేకపోతిమి.

మిద్దెమీద పక్కలు వేసికొని పడుకొన్న తరువాత, అందరును నిద్రించిరని తలచి, మెల్లగా మాతో ననెను: ‘అత్తా, నువ్వు గూడా నవ్వితివే.’

స్మితము, హసితము అని ఆరు భేదములు వల్లించిన నాలుకకు ఒక్క మాటయు దొరకలేదు. శాస్త్రమున సాకు దొరకదా యని గూడ వెదకితిమి, సిగ్గుతో చెప్పుచున్నాము. దొరకినది. హాస్యమునకు కారణములను చెప్పుచు భరతముని వికృతవేషమును, లౌల్యమును, అసత్ప్రలాపమును చెప్పి, వాని సరసనే అవయవలోపములను చూచుటను గూడ చేర్చెను. కనుక జనులు అట్టివానికి నవ్వుదురనుట నాటినుండియు ఉన్నమాటయే. కాని ‘జనులు నవ్వుదురు’ అనుట వేరు, ‘నీవు నవ్వుము’ అనుట వేరు. మా నాయనగారు బ్రతికియున్నచో ఈ వ్యాఖ్యానమును ఒప్పుకొనెడివారో కాదో! మాకు మాత్రము వేరు దారి కనబడలేదు.

లోపమున్నవానిని చూచి నవ్వరాదని మేము అనుట లేదు. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోట శ్రీనివాసరావుగారి పిసినారి కోడిని పైనుండి వ్రేలాడగట్టి, దానిని చూచుచు ఉత్త అన్నము తినును. మా యింట శాకాహారము గనుక మా కుమారులు మామిడిపండును వ్రేలాడగట్టి రెండు దినములు ఆ యాట ఆడిరి. ‘గుండమ్మ కథ’ (1962)లో సూర్యకాంతమ్మగారి గయ్యాళితనమునకు నవ్వని తెలుగుది కలదా? పిసినితనమును విడువవచ్చును, గయ్యాళితనమును మానవచ్చును. విడువక పట్టుకొని యుండుటచేతనే మనకు నవ్వు. గుండమ్మ దేహమును చూచి ఎవరును నవ్వలేదు. ఆమె నోటికి భయపడుచు నవ్వితిమి. పదునైదేండ్ల పిల్ల తాతగారి పోలికను విడిచి ఎక్కడికి పోవును?

మరునాడు ‘తప్పు మాది’ అని పిల్లతో చెప్పితిమి. ‘పోనీలే అత్తా’ అన్నది. పోలేదని మా కిద్దరకును తెలియును. జాతరకు కట్టుకొనుటకై తల్లి కుట్టించిన పట్టుపావడను పెట్టెలోనే యుంచి, వదులైన పాత చొక్కా యొకటి తొడిగికొన్నది. రానన్నది గూడ. మా అత్తగారు విననందున వచ్చినది.

వీథి మొగమున జనము. వేపమండలు, పసుపునీరు, డప్పులు. ఆ జనములోనుండి యొక వేషము వచ్చెను. మనిషి మిక్కిలి స్థూలము; ఆకుపచ్చ పట్టుచీర, నడుమునకు వెండి వడ్డాణము, మెడలో నిమ్మకాయల దండ, పెద్ద కుంకుమబొట్టు, దాని క్రింద మీసము. నడుచుచుండ వడ్డాణము పైకి క్రిందికి ఊగుచుండెను. జనము దారి యిచ్చిరి. మా అత్తగారు చెప్పులు విడిచి చేతులు మోడ్చిరి. పిల్ల చాలసేపు చూచి, ‘అమ్మమ్మా, ఆయప్పను జూసి ఎవురూ నవ్వరేల?’ అని యడిగెను.

‘నవ్వేదానికి ఏముండాదే? అమ్మ గదా’ అనిరి మా అత్తగారు, కండ్లు తెరువకయే.

పిల్ల మరల ఏమియు ననలేదు. ఇంటికి వచ్చిన పిదప పావడ కట్టుకొన్నదా యని మీరడుగుదురు. కట్టుకొనలేదు. మదనపల్లెకు పోవునపుడు గూడ అది పెట్టెలోనే యుండెను. కాని ఆ రాత్రి పెరుగన్నము తిన్నది.

నిన్నటి దినమున మా ఫోనునకు ఆ పిల్ల సందేశము పంపినది. దసరా సెలవులకు వచ్చునట. ‘ఈతూరి సినిమాకు వద్దు అత్తా. మామ ట్యూషను చెప్పేటప్పుడు తలుపు సందులోంచి చూస్తాం. ఊరికే వస్తాది నవ్వు’ అని వ్రాసినది. ఆ సందేశమును మావారి కింకను చూపలేదు.